చుక్కలక్కకు ఇవ్వని ఎడమ పేజీలు

ఎంబ్రాయిడరీ కర్మాగారంలో పందొమ్మిదేళ్లుగా బట్ట మీదికి డిజైన్లు దించుతున్న ఒక కార్మికురాలి సర్వీసు రికార్డులో, ముగ్గురు సభ్యుల కమిటీ 'నేర్చుకునే సామర్థ్యం లేదు' అని రాసి కింద సంతకాలు చేసింది. మరునాడే ఆమెను దారప్పోగులు కత్తిరించే బల్లకు మార్చారు. మార్చేముందు ఆమెను ఒక్క మాటా అడగలేదు.

ఆమెను అందరూ చుక్కలక్క అంటారు. ఆ పేరు ఆమె పనినిబట్టి వచ్చింది. డిజైనున్న కాగితాన్ని దళసరి గుడ్డ మీద పరిచి, గీత వెంబడి సూదితో సన్నని చిల్లులు పొడవాలి. ఆ కాగితాన్ని బట్ట మీద పెట్టి, నీలం పొడి అద్దిన గుడ్డతో రుద్దితే, చిల్లుల్లోంచి పొడి దిగి చుక్కలు పడతాయి. చుక్కలను పెన్సిలుతో కలిపితే డిజైను సిద్ధం. గౌనుకు కుడి చేతి మీద పువ్వు దించాక అదే కాగితాన్ని తిరగేసి ఎడమ చేతికి దించుతారు. అందుకే ఆ వృత్తిలో కాగితానికి తప్పు వైపంటూ ఉండదు. ఏ వైపు రుద్దినా ఏదో ఒక చేతికి పనికొస్తుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే తర్వాత జరిగినదంతా అర్థమవుతుంది.

ఒకనాడు జపాను నుంచి పాత కుట్టుయంత్రాలు నాలుగు దిగాయి. వాటికి డిజైను దించే మనిషి అక్కర్లేదు. మీటల మీద, తెర మీద ఉన్నవన్నీ జపాను అక్షరాలే. నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు: డిజైను బల్ల ఎత్తివేయబడును, ఆరు వారాలలో హిరగానా నలభై ఆరు, కటకానా నలభై ఆరు అక్షరములు నేర్చి పరీక్షలో నెగ్గినవారు యంత్రముల మీదికి తీసుకొనబడుదురు, అభ్యాస పుస్తకములు సంస్థే ఇచ్చును.

చుక్కలక్క ఆ కాగితాన్ని మూడుసార్లు చదివింది. ఒకే భాషకు రెండు అక్షరమాలలు ఎందుకో ఆమెకు అంతుపట్టలేదు.

"ఒకటి సరిపోదా గుమస్తాగారూ?" అని ఆఫీసు గుమస్తాను అడిగింది.

"వాళ్లకు సరిపోలేదు మరి. నువ్వెళ్లి చెప్పొస్తావా?" అన్నాడతను, జిరాక్సు యంత్రం మీంచి తల ఎత్తకుండానే.

ఇక్కడొక వాస్తవాన్ని స్పష్టంగా చెప్పాలి. సంస్థ కొన్నది ఒకే ఒక్క అభ్యాస పుస్తకం. అందులో ప్రతి అక్షరానికీ రెండు పేజీలు ఎదురెదురుగా ఉంటాయి. ఎడమ పేజీలో పెద్ద అక్షరం, దాని మీద ఏ గీత ముందో ఏది వెనకో తెలిపే అంకెలు, చెయ్యి ఎటు కదలాలో చూపే బాణాలు, గుర్తుండటానికొక బొమ్మ. కుడి పేజీ పైన ఆ అక్షరం పలుకు, కింద రాసుకోవడానికి గళ్లు, గళ్లలో లేత బూడిదరంగు అక్షరాలు. అసలు పుస్తకాన్ని గుమస్తా మేడ మీది నాణ్యత విభాగానికిచ్చాడు. కింది అంతస్తులోని వారికి జిరాక్సులు తీశాడు. బొమ్మలున్న పేజీలు సిరా ఎక్కువ తాగుతాయని, ఎడమ పేజీలన్నీ వదిలేశాడు. చుక్కలక్క చేతికి వచ్చినవి తొంభై రెండు కుడి పేజీలు, వెనకంతా ఖాళీ. లేనిదేమిటో తెలియనివారు అది కావాలని ఎలా అడుగుతారు?

ఆమె ఆ కాగితాలను అంచున దారంతో కుట్టి పుస్తకంగా చేసుకుంది. జిరాక్సులో లేత అక్షరాలు ఇంకా వెలిసిపోయి, వెలుతురుకు పట్టుకుంటే తప్ప ఆనడం లేదు. అప్పుడు ఆమె తనకు చేతనైన పని చేసింది. ప్రతి కాగితం మీద ఒక్కో అక్షరం వెంబడి సూదితో చిల్లులు పొడిచింది.

తెల్లవారగానే వంటింటి గట్టు మీద ఆ పుస్తకం తెరిచి కూర్చునేది. అత్తగారు పక్కన పీట వాల్చుకునేది. అత్తగారికి ఏ అక్షరమూ రాదు గనుక ఏ అక్షరానికీ భయం లేదు.

"ఇదేంటే అమ్మాయ్, పడుకున్న పిల్లిలా ఉంది?"

"అది 'అ' అట అత్తయ్యా."

"మరి ఇది?"

"ఇదీ 'అ'యే. ఇంకో రకం."

"రెండిటికీ పోలికేది? ఒక్క కడుపున పుట్టినట్టే లేవు!" అని అత్తగారు ఆశ్చర్యపోయింది. "'క'లు చూడు, అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి. 'హె'లు రెండూ కవలలే. ఈ 'అ'లేమో ఇరుగూ పొరుగూ కూడా కావు. వాళ్లకే గందరగోళంగా ఉన్నట్టుంది, నువ్వెందుకు తల బద్దలుకొట్టుకుంటావు?"

"బల్ల ఎత్తేస్తున్నారత్తయ్యా. ఇది రాకపోతే దారాలు కత్తిరించుకుంటూ కూర్చోవాలి. సూది పట్టిన చేత్తో చెత్త ఎత్తమంటారు."

అత్తగారు నవ్వు ఆపేసింది. "అయితే చదువు. కాఫీ నేను పెడతాలే."

నోటీసులో వారానికి రెండు తరగతులన్నారు. ఆరు వారాల్లో జరిగినవి రెండే. అవీ గోడకున్న టీవీలో రికార్డు చేసిన పాఠాలు. టీవీలోని పంతులమ్మ చిరునవ్వుతో చెప్పింది: "ముందు ఎడమ పేజీ చూడండి. దాని మీద వేలు నడపండి. చెయ్యి అలవాటు పడ్డాకే కుడి పేజీలో రాయండి."

చుక్కలక్క తన పుస్తకం తెరిచి ఎడమవైపు చూసింది. అక్కడ వెనకటి కాగితం వీపు ఉంది. తెల్లగా, ఖాళీగా. కాదు, పూర్తిగా ఖాళీ కాదు. తాను పొడిచిన చిల్లులు అటు గరుకుగా తేలి, వెనకటి అక్షరం తిరగబడి కనిపిస్తోంది. ఎడమ పేజీ అంటే ఇదే కాబోలనుకుంది. టీవీని అడగడానికి లేదు కదా.

కుడి చేతికి ఒక వైపు, ఎడమ చేతికి మరో వైపు. పందొమ్మిదేళ్ల అలవాటు ఆమెకు వెంటనే నచ్చజెప్పింది. పైగా 'స' కాగితం వీపు మీద కనిపించినది అచ్చం 'చి'లా ఉంది! తాళం తెరుచుకుందనుకుంది. ఈ అక్షరాలకు ముందూ వెనకా రెండు వైపులుంటాయి, రెండూ చేతికి రావాలి, అందుకే రెండు మాలలు పెట్టారు అని తీర్మానించుకుంది. మరి తక్కినవాటిని తిరగేస్తే ఏ అక్షరానికీ సరిపోవడం లేదేమిటి? నాలుగు రోజులు వెతికింది. 'ను'ను తిప్పింది, 'మె'ను తిప్పింది, అద్దంలో చూసింది. దొరకలేదు. లోపం తనదే అనుకుని, పంతులమ్మ మాట జవదాటకుండా, రోజూ ముందు తిరగబడ్డ చిల్లుల మీద వేలు నడిపి, ఆ తర్వాత కుడి పేజీలో రాసింది.

"ఎక్కడ మొదలెట్టాలి గుమస్తాగారూ, ఈ గీతలు?" అని ఒకసారి అడిగింది కూడా.

"పైన మొదలెట్టు, కింద ఆపు" అన్నాడు గుమస్తా. ఆ టీవీ పాఠాలు రెండూ పోగా, సంస్థ ఆమెకిచ్చిన శిక్షణ మొత్తం ఇదే.

పరీక్షనాడు బల్లకు అటువైపు మేనేజరు, సూపర్‌వైజరు, గుమస్తా కూర్చున్నారు. పేజీలు తీసేసిన మనిషే తీర్పరి. సూదీ పొడీ లేకుండా, ఉత్త గళ్ల కాగితమూ పెన్నూ ఇచ్చి, అరగంటలో అన్నీ రాయమన్నారు. చుక్కలక్క ముందు గడిలో చుక్కలు పెట్టింది, తర్వాత వాటిని కలిపింది. అక్షరం అచ్చు వేసినట్టొచ్చింది.

"ఇదేంటి, ముగ్గు వేస్తున్నావా?" అన్నాడు సూపర్‌వైజరు.

"అలవాటండీ."

"రాయమన్నాం, గియ్యమనలేదు" అన్నాడు మేనేజరు.

ఆమె చుక్కలు మానేసి నేరుగా రాయబోయింది. ఈ అక్షరానికి కొక్కెం కుడికా, ఎడమకా? వేలు ఒకటి చెబుతోంది, కన్ను ఒకటి చెబుతోంది. గడువు ముగిసేసరికి ముప్పై ఎనిమిది అక్షరాలు పూర్తయ్యాయి. వాటిలో ఏడు తిరగబడి ఉన్నాయి. ఎందుకు తిరగబడ్డాయని ఎవరైనా అడిగి ఉంటే ఆమె తన పుస్తకం తెచ్చి చూపేది. ఎవరూ అడగలేదు. చూసి చదవమని కూడా అనలేదు.

బల్ల మారిన పదకొండో రోజున, మధ్యాహ్నం పూట ఒక యంత్రం ఉన్నట్టుండి ఆగిపోయింది. పరీక్ష నెగ్గి మేడ మీంచి వచ్చిన చెకింగు అమ్మాయి దాని ముందు నిలబడి గుడ్లు తేలేసింది. తెర మీద రెండు అక్షరాలు వెలిగి ఆరుతున్నాయి.

"ఇందాకటిదాకా బాగానే ఉంది. ఇదేం రాసిందో ఏమో, అన్నీ కలగలిసిపోతున్నాయి నాకు" అంది ఏడుపు గొంతుతో.

మూడు బల్లల అవతల కత్తెర పట్టుకున్న చుక్కలక్క కళ్లు చికిలించి చూసింది. "ఇ... తొ."

"అంటే ఏంటక్కా?"

"ఏమో తల్లీ, నాకేం తెలుసు! 'ఇతొ' అని ఉంది, అంతే."

ఆ అమ్మాయి అసలు పుస్తకం తీసి చివరి పేజీల్లో మాటల పట్టిక వెతికింది. "ఇతొ అంటే దారమట!" వంగి చూసింది. నిజంగానే దారం తెగి ఉంది. ఎక్కించగానే యంత్రం నడిచింది. "నీకొచ్చు కదక్కా! మరి రాదన్నారేంటి?"

చుక్కలక్క చూపు యంత్రం మీద తెరిచి పెట్టిన పుస్తకం మీద ఉంది. పెద్ద అక్షరం. దాని మీద అంకెలు. బాణాలు. పక్కన బొమ్మ.

"ఇదేంటమ్మాయ్?"

"ఎడమ పేజీ కదక్కా."

చుక్కలక్క కత్తెర కింద పెట్టింది. ఒకటో అంకె దగ్గర వేలు పెట్టి బాణం వెంట నడిపింది, రెండోదాని దగ్గర ఆగింది, మూడోదాని చివర మెల్లగా పైకెత్తింది. పేజీ తిప్పింది. మళ్లీ నడిపింది. "ఇక్కడా మొదలు?" అంది తనలో తాను. "నేను చూసిన ఎడమ పేజీ మరేంటి?" సంచిలోంచి తన పుస్తకం తీసి పక్కన పెట్టుకుని, ఒక వైపు బాణాలనూ ఒక వైపు గరుకు చిల్లులనూ మార్చి మార్చి చూసింది. గంట మోగినా కదలలేదు. ఆమె ముఖంలో కోపం లేదు, ఇన్నాళ్ల అయోమయం ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని తెల్లబోవడమే ఉంది.

ఆ కోపం ఆమె తరఫున ఇక్కడ నమోదవుతోంది. కమిటీ సభ్యులారా, మీరు ముగ్గురూ వినండి. సగం పుస్తకమిచ్చి పూర్తి పరీక్ష పెట్టారు. ఎడమ పేజీ చూడమని ఆదేశించారు, ఎడమ పేజీ ఇవ్వలేదు. చదవడం వచ్చిన మనిషిని చదవమనకుండానే రాదన్నారు. ఏ పేజీలు ఇవ్వలేదో మీలో ఒకరికైనా తెలుసు. మీరు రాసిన వాక్యం ఆమెది కాదు, మీ శిక్షణది. దానిని ఆమె రికార్డు నుంచి కొట్టివేసి, కొట్టివేతకు కారణం అదే పేజీలో, అవే మూడు సంతకాలతో రాయండి. కింది అంతస్తులో ప్రతి ఒక్కరికీ తొంభై రెండు ఎడమ పేజీలు ఇవ్వండి. ఇచ్చిన రోజు నుంచి లెక్కగట్టి ఆరు వారాల గడువిచ్చి, గుమస్తా లేని కమిటీ ముందు మళ్లీ పరీక్ష జరపండి. అంతవరకు, ఇంకా ఖాళీగానే ఉన్న నాలుగో యంత్రం మీద ఎవరినీ కూర్చోబెట్టకండి. అది ఆమెది.