తెల్లరంగు వేసిన వాక్యం

సూరత్‌లో మేముండేది బమ్రోలిలో. వంటల బ్లాగు రాస్తుంటాను. రెండేళ్ల కిందట దాని రూపం మార్చాలని, పేజీకి రంగులూ హంగులూ దిద్దే స్టైల్‌షీట్లు నేర్చుకున్నాను. పాత డిజైన్‌ను కదపకుండా, దానిపైన ఇంకో లేయర్‌లో కొత్త రంగులు వేయొచ్చని తెలిసి సంబరపడిపోయాను. పచ్చిపులుసు పోస్టు చివర ఎప్పుడో కోపంలో రాసిన వాక్యం ఒకటుంది. చెరిపేస్తే సరిపోయేది. కొత్త విద్య కదా, తెల్లటి పేజీ మీద దానికి తెల్లరంగు వేశాను. మాయమైంది!

మధ్యాహ్నాలు మా ఇంట్లో ఇరుగుపొరుగు ఆడవాళ్లు చీరలకు లేసు కుడుతుంటారు. చూపు తగ్గిన మా అత్తమ్మ ఏదైనా ఫోన్‌తో చదివించుకుని వింటుంది. ఒకరోజు, "మా కోడలు రాసింది జర వినుండ్రి" అంటూ గర్వంగా ఆ పోస్టే ఫోన్‌తో చదివించింది.

వంట సంగతి అయిపోయినా ఫోన్ ఆగలేదు. అక్షరాలు అక్కడే ఉన్నాయి, వాటి రంగుతో దానికేం పని? "ఎంత బాగా చేసినా మా అత్తమ్మ నోట మంచి మాట రాదు" అని కూడా చదివేసింది.

సూదులు ఆగిపోయాయి. నేను తలెత్తలేకపోయాను. అందరూ వెళ్లాక, చెరిపేస్తానన్నాను.

"వద్దు బిడ్డా, కనవడేటట్టు పెట్టు. దాని కింద నా మాట గూడ రాయి."

"ఏం రాయాలె అత్తమ్మా?"

"గా దినం పులుసు మంచిగనే ఉండె. నేనే చెప్పలే."

నా కోపాన్ని నేను దాచినట్టే, తన మెచ్చుకోలును ఆమె దాచుకుంది. ఇప్పుడా రెండు వాక్యాలూ నల్లరంగులోనే ఉన్నాయి.