ఢిల్లీలో దొరికిన వరంగల్ పిల్లాడు

ఆ నర్సంపేట తల్లి వట్టి అమాయకురాలని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. నేనొప్పుకోను.

అరవైల్లో బీఏ చదువుతూ వరంగల్ చౌరస్తా మైకులో ఊరి వార్తలు చదివేదాన్ని. అన్ని ఊళ్ల మైకులకూ ఒకటే పేరుండాలని పైనుంచి ఆర్డరొచ్చింది. ఇకనుంచి "దేశవార్త, ఢిల్లీ" అనాలి, వరంగల్ పేరెత్తకూడదు.

ఆ సాయంత్రమే తప్పిపోయిన పిల్లాణ్ని ఎవరో తెచ్చి నా పక్కన కూర్చోబెట్టారు.

"దేశవార్త, ఢిల్లీ. ఎర్రచొక్కా మల్లేశం మా దగ్గరున్నాడు, వచ్చి తీసుకుపోండి" అని చదివాను.

నర్సంపేట నుంచి బజారుకొచ్చిన వాడి తల్లి అది విని, ఏడ్చుకుంటూ ఢిల్లీ రైలెక్కడానికి స్టేషన్‌కు పోయిందని మిర్చి దుకాణం మామ వచ్చి చెప్పాడు. పిల్లాణ్ని చంకనేసుకుని ఉరికాను. అప్పటికే ఆమె రైలు మెట్టు మీద కాలు పెట్టింది.

"ఢిల్లీకెళ్లి గింత జల్ది ఎట్ల తెచ్చినవ్ బిడ్డా?"

"చౌరస్తా కాడికెళ్లి తెచ్చిన అక్కా, జర దిగు."

మైకులో విన్నది నమ్మినామె అమాయకురాలైతే, పక్కనే ఉన్న పిల్లాణ్ని ఢిల్లీకి పంపిన ఆర్డరు రాసినాయన్ని ఏమనాలి?