ముందు గది ఖాళీ చేయించిన మా అత్తగారు

పోయిన నెలలో ఒక ఉదయం కాకినాడ ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోను చేసి, "అమ్మ ఇంక లేదు" అన్నారు. అప్పటికి నా వేళ్లకి త్రెడింగ్ దారం చుట్టుకునే ఉంది. ఎదురుగా కుర్చీలో మా వీధి చివరింటి అమ్మాయి కళ్లు మూసుకుని కూర్చుంది. ఒక కనుబొమ తీర్చడం అయింది, రెండోది కాలేదు. ఆ అమ్మాయి కళ్లు తెరిచి నా మొహం చూసి, లేచి నన్ను పట్టుకుంది. సాయంత్రం వరకూ ఆ పిల్ల అలాగే, ఒక కనుబొమ సన్నగా, ఒకటి గుబురుగా పెట్టుకుని, వచ్చినవాళ్లకి కుర్చీలు వేస్తూ మంచినీళ్లు ఇస్తూ మా ఇంట్లో తిరిగింది. ఆ వేషం మా అత్తగారి కంటపడి ఉంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవారు. ఆ మాట అనుకోగానే నాకు ఏడుపు వచ్చింది. అప్పటిదాకా రాలేదు.

మాది తుని. ఇంటర్ అయ్యాక అక్కడే బ్యూటీషియన్ కోర్సు చేశాను. తొంభైల మధ్యలో పెళ్లయి రామచంద్రపురం వచ్చాను. మామగారిది వరి, కొబ్బరి వ్యవసాయం, కాస్త అరటి. మా ఆయన ట్రాక్టరు స్పేర్ పార్ట్సు అమ్మే షాపులో పనిచేసేవారు. ఇంట్లో దేనికీ లోటు లేదు. పనంతా పదకొండింటికల్లా అయిపోయేది. ఆ తర్వాత నేను కిటికీ పక్కన కూర్చుని రోడ్డు మీద వెళ్లే ఆడవాళ్ల కనుబొమలు చూస్తూ, ఎవరికి ఏ ఒంపు బాగుంటుందో లెక్క వేసుకునేదాన్ని.

ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర ధైర్యం చేసి, ఉద్యోగం చూసుకుంటానని అన్నాను. మామగారు ముద్ద ఆపి, "మన ఇంటి కోడలు ఊళ్లోవాళ్ల మొహాలు రుద్దడమేంటి?" అన్నారు. మా ఆయన కంచంలోంచి తల ఎత్తలేదు. అత్తగారు అందరికీ పెరుగు వడ్డించారు. ఇంక ఆ మాట అక్కడితో సరి అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ నా పక్కన వచ్చి కూర్చున్నారు.

"అమ్మాయ్, నీ కోర్సు సర్టిఫికెట్టు ఎక్కడుంది?"

"పెట్టెలో ఉందండి."

"రేపు పొద్దున్న తీసుకో. రాజమండ్రి వెళ్దాం."

"మావయ్యగారు ఏమైనా అంటారేమోనండి."

"అన్నం, కూర చేసి పెట్టేసి వెళ్దాం. ఆకలి లేనివాళ్లు ఎక్కువసేపు కోప్పడరు."

అలా మండపేట మీదుగా వెళ్లే బస్సులో ఆవిడా నేనూ ఉద్యోగం వెతకడానికి బయల్దేరాం. ఆవిడ ఇస్త్రీ చేసిన నేత చీర కట్టుకుని, కళ్లజోడు తుడిచి పెట్టుకుని, పెళ్లిచూపులకి వెళ్తున్నట్టు కూర్చున్నారు. మొదటి పార్లర్‌లో ఎక్స్‌పీరియన్స్ ఉందా అని అడిగారు, లేదన్నాం. రెండో చోట, రోజూ ఊరి నుంచి వచ్చి వెళ్తానంటే కుదరదన్నారు. మూడో చోట ఓనరమ్మ నా నూలు చీరనీ జడనీ పైనుంచి కిందకి చూసి, "మా దగ్గరికి పెద్ద పెద్దవాళ్లు వస్తారండి. కాస్త స్టైలుగా ఉండేవాళ్లయితే బాగుంటుంది" అంది. నేను తల దించుకుని మెట్లు దిగాను. కింద గోలీసోడా బండి దగ్గర ఆగినప్పుడు అత్తగారు, "ఆవిడ చెవి చూశావా? జుట్టుకి వేసుకున్న రంగు చెవి మీద కూడా పడింది. స్టైలంటే అదే కాబోలు" అన్నారు. సోడా ముక్కులోకి వచ్చేంత నవ్వాను. ఆ నవ్వే లేకపోతే నేను అక్కణ్నుంచే బస్టాండుకి వెళ్లిపోయి ఉండేదాన్ని.

చివరికి దానవాయిపేటలో ఒక మేడ మీద చిన్న పార్లర్ కనిపించింది. నడివయసు మేడమ్ ఒక్కరే ఉన్నారు. నా సర్టిఫికెట్టు చూసి మడిచి ఇచ్చేశారు. "చెయ్యి చూడకుండా ఎలా తీసుకోమంటారండి? చూద్దామంటే ఇప్పుడు కస్టమర్లు కూడా లేరు" అన్నారు.

మా అత్తగారు కళ్లజోడు తీసి నా చేతిలో పెట్టారు. "నా మొహం ఉంది కదండి. దీని మీద చెయ్యమనండి."

మేడమ్ కంగారుపడ్డారు. "మీకు అలవాటు ఉందాండి?"

"లేదండి. పసుపూ సున్నిపిండీ తప్ప ఈ మొహం ఏదీ ఎరగదు. చెడగొట్టడానికి కూడా ఇందులో ఏమీ లేదు."

వెళ్లి కుర్చీలో దర్జాగా కూర్చున్నారు. నేను చేతులు కడుక్కుని ఆవిడ వెనక నిలబడ్డాను. ఎండలో కళ్లాల దగ్గర నిలబడి నిలబడి నల్లబడిన చర్మం. నుదుటి మీద పొయ్యి సెగకి పడ్డ గీతలు. అంతకుముందు నేనెప్పుడూ ఆవిడ మొహం ముట్టుకోలేదు. కోడలు అత్తగారి కాళ్లకి దణ్ణం పెడుతుంది గానీ మొహం ఎందుకు ముట్టుకుంటుంది? బుగ్గల మీద క్రీము రాసి మెల్లగా పైకి మర్దన చేశాను. కాసేపటికి చిన్న గురక వినిపించింది. అత్తగారు నిద్రపోయారు.

మేడమ్ నవ్వుతూ, "చేతి కింద మనిషి నిద్రపోయాక ఇంకేం చూడాలమ్మా? సోమవారం నుంచి రా" అన్నారు.

తిరుగు బస్సులో ఆవిడ మాటిమాటికీ బుగ్గలు తడుముకుంటూ, "ఇంత హాయిగా ఉంటుందని ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేంటే!" అంటూనే ఉన్నారు. ఇంటి గుమ్మంలో మామగారు నిలబడి ఉన్నారు. "పొద్దుణ్నుంచి ఎక్కడికెళ్లారు?"

"మొహం కడిగించుకోడానికి వెళ్లానండి" అని లోపలికి వెళ్లిపోయారు. మామగారు ఆ మొహం వైపు చాలాసేపు చూశారు.

ఆ పార్లర్‌లో కొన్నేళ్లు పనిచేశాను. పని మేడమ్ దగ్గర నేర్చుకున్నాను గానీ, మనుషులతో మసలుకోవడం మాత్రం అత్తగారి దగ్గరే. మొదట్లో ఒక కస్టమర్ నేను చెయ్యి వెయ్యగానే ఉలిక్కిపడి విసుక్కుంది. ఇంటికొచ్చి చెబితే ఆవిడ, "గేదె పొదుగు పట్టుకునేముందు కూడా వీపు మీద తట్టి ఒక మాట చెబుతాం. మనిషి కళ్లు మూసుకుని కూర్చుంటే చెప్పకుండా చెయ్యి వేస్తే బెదరదూ? చెప్పి చెయ్యి వెయ్యి" అన్నారు. ఇంకో మాట కూడా అనేవారు. "అద్దం ముందు కూర్చున్న మనిషికి ఇక్కడ మచ్చుంది, అక్కడ నలుపుంది అని చెప్పకు. వాళ్లకి తెలుసు. తెలిసే వచ్చారు."

మా అమ్మాయి పుట్టాక రోజూ బస్సు ప్రయాణం కష్టమైంది. అదే సమయానికి మేడమ్ కూడా పార్లర్ మూసేసి వాళ్లబ్బాయి దగ్గరికి విశాఖపట్నం వెళ్లిపోయారు. మళ్లీ ఉద్యోగం వెతుక్కోవాలా, మానేసి ఇంట్లో కూర్చోవాలా అని నేను తేల్చుకోలేకపోతుంటే, అత్తగారే, "మన ముందు గది ఉందిగా" అన్నారు.

ముందు గది అంటే వీధి అరుగుని ఆనుకుని ఉన్న గది. దాన్నిండా ధాన్యం బస్తాలు, కొబ్బరికాయల రాశి. మామగారు ససేమిరా అన్నారు. "రాజమండ్రిలో చేస్తే ఎవరికీ కనపడలేదు. మన వీధిలో బోర్డు పెడితే నేను రచ్చబండ దగ్గర తల ఎలా ఎత్తుకోను?" అన్నారు. అప్పట్లో మా వైపు పార్లర్ అనే మాట అంటేనే జనం అదోలా చూసేవారు. ఆయన్ని అనాల్సింది కూడా ఏమీ లేదు.

ఒకరోజు ఆయన అరటి గెలలతో రావులపాలెం మార్కెట్‌కి వెళ్లారు. తిరిగి వచ్చేసరికి ముందు గది కడిగి ముగ్గు వేసి ఉంది.

"బస్తాలేవే?"

"నా మంచం చుట్టూ వేయించానండి."

"మరి నువ్వెక్కడ పడుకుంటావు?"

"వాటి మధ్యనే. ధాన్యం నన్నేమీ అనదు కదండి."

మామగారు వారం రోజులు మాతో ముభావంగా ఉన్నారు. ఎలక్ట్రీషియన్ వచ్చి అద్దం పైన ఒక ట్యూబులైటు బిగిస్తుంటే, అరుగు మీద పేపరు చదువుతున్న ఆయన పేపరు దించకుండానే, "అటుపక్క ఇంకోటి పెట్టవయ్యా. మొహం రెండువైపులా కనపడొద్దూ?" అన్నారు. అత్తగారు నా వైపు చూసి కనుబొమలు ఎగరేశారు.

బోర్డు పెట్టాం గానీ ఎవరూ రాలేదు. ఆడవాళ్లకి రావాలని ఉంది. అందరూ చూస్తుండగా అరుగెక్కి రావడానికే మొహమాటం. అది అత్తగారే కనిపెట్టారు. మధ్యాహ్నం పూట చేటలో పప్పో బియ్యమో వేసుకుని అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టారు. దారిన పోయేవాళ్లని, "ఏమ్మా, ఇలా రా, కాసేపు కూర్చుని వెళ్లు" అని పిలిచేవారు. వాళ్లు అత్తగారితో మాట్లాడటానికి వచ్చినట్టే వచ్చి, కాసేపటికి లోపలికి తొంగిచూసి, తర్వాత కుర్చీలో కూర్చునేవారు. అప్పుడప్పుడూ అత్తగారి ధోరణి నా కొంప ముంచేది కూడా. ఒకావిడ బ్లీచ్ చేయించుకుంటానంటే, ఈవిడ అరుగు మీద నుంచి, "బ్లీచింగా? మంచినీళ్ల చెరువులో వేసేదా? అమ్మో, అది మొహానికెందుకమ్మా!" అని అరిచారు. ఆవిడ లేచి చక్కాపోయింది. అది వేరు, ఇది వేరు అని అత్తగారికి చెప్పడానికి నాకు సాయంత్రం దాకా పట్టింది. తువ్వాళ్ల పని మాత్రం ఆవిడ ఎవరినీ చెయ్యనిచ్చేవారు కాదు. పెరట్లో కాగులో సలసలా మరిగించి, కొబ్బరి చెట్ల మధ్య తాడు మీద ఎండేసేవారు.

మొదటి పెళ్లి పని వచ్చినప్పుడు నేను ఎగిరి గంతేశాను. పక్క ఊరి పెద్ద రైతుల అమ్మాయి. మేనత్త వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల చామనఛాయ, చక్కని కళ్లు. మేనత్త బ్లీచ్ కావాలని పట్టుబట్టింది. చెవి వెనక కొంచెం రాసి చూస్తే కాసేపటికే ఎర్రగా కందింది. పెళ్లి ఎల్లుండి.

"ఈ అమ్మాయికి పడదండి. మేకప్ బాగా చేస్తాను, బ్లీచ్ మాత్రం వద్దు" అన్నాను.

"పెళ్లికొడుకు పచ్చని పసిమి ఛాయ. పక్కన మా పిల్ల ఇలా నిలబడాలా? మీకు పని రాదని చెప్పండి, పోనీ."

అత్తగారు చేట పక్కన పెట్టి లోపలికి వచ్చారు. "పని వచ్చు కాబట్టే వద్దంటోందండి. రానిదైతే రాసేసేది" అన్నారు నెమ్మదిగా. మేనత్త పిల్ల చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించింది. ఆ శ్రావణమాసం అంతా ఇంకో పెళ్లి పని రాలేదు. మాకు పని చేతకాదని ఆ ఊళ్లో చెప్పుకుంటున్నారని కూడా తెలిసింది. కొట్టు మూసేద్దామని నేను ఏడుస్తుంటే ఆవిడ కాఫీ తెచ్చి చేతికిచ్చి, "చెయ్యనని చెప్పినందుకు ఏడవకమ్మాయ్. చేసేసి ఏడవాల్సి వస్తే నిన్ను ఊరుకోబెట్టడం నా వల్ల కూడా కాదు" అన్నారు.

కొన్ని నెలలకి ఒక మధ్యాహ్నం మా ఇంటి ముందు ఆటో ఆగింది. ఆ పెళ్లికూతురే. ఇద్దరు ఆడపడుచుల్ని వెంటబెట్టుకుని వచ్చింది. "మీరు వద్దన్నాక నేనింక ఎక్కడా రాయించుకోలేదండి. పెళ్లయ్యేదాకా మా మేనత్త నాతో సరిగా మాట్లాడలేదు" అని నవ్వింది. నిక్షేపంలా ఉంది. అత్తగారు ఆ పిల్ల గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎంత బాగున్నావమ్మా!" అన్నారు. ఆ ఆడపడుచుల పెళ్లిళ్లకి నేనే వెళ్లాను. అక్కణ్నుంచి వాళ్ల చుట్టాలు, ఆ చుట్టాల చుట్టాలు. ఇప్పుడు నాకు ముహూర్తాల రోజుల్లో తీరిక దొరకదు.

మీరు నా కోసం అంత ఎందుకు చేశారండి అని ఒకసారి అడిగాను. ఏదో పెద్ద కారణం చెబుతారనుకున్నాను. ఆవిడ తువ్వాళ్లు మడతపెడుతూ, "నువ్వు కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు చూస్తుంటే నాకు బాగోలేదు. అంతే" అన్నారు.

ఆవిడ దినవారాలన్నీ అయ్యాక పార్లర్ మళ్లీ తెరిచాను. తువ్వాళ్లు ఇప్పుడు నేనే మరిగిస్తున్నాను. వచ్చినవాళ్లు కాసేపు ఆవిడ గురించి చెప్పి, ఆ తర్వాతే కుర్చీలో కూర్చుంటున్నారు. నేను ఎరగని సంగతులు కూడా వాళ్లు చెబుతుంటే వింటున్నాను.

నాకు మాత్రం ఎప్పుడూ ఒక ఎండాకాలపు పగలే గుర్తొస్తోంది. ఇన్వర్టర్ ఇంకా కొనని రోజులు. ముహూర్తానికి వేళవుతోంది, పెళ్లికూతురి మేకప్ సగంలో ఉంది, కరెంటు పోయింది. చెమటకి అంతా కారిపోతుందని నేను అల్లాడిపోతుంటే, అత్తగారు వీధి తలుపులు రెండూ బార్లా తీసి, కుర్చీని వెలుతురులోకి లాగి, తాటాకు విసనకర్రతో ఆ పిల్ల పక్కన నిలబడ్డారు. ఒక చెయ్యి నొప్పెడితే ఇంకో చేతిలోకి మార్చుకుంటున్నారు. తన మెడ మీద చెమట ధారగా కారి రవిక తడిసిపోతోంది, తుడుచుకోవడం లేదు. పెళ్లికూతురు కళ్లు మూసుకుని ఉంది. ఆ పిల్ల నుదుటి మీది వెంట్రుకలు ఆ గాలికి మెల్లగా లేచి పడుతున్నాయి. అత్తగారి గాజులు గలగలమంటున్నాయి.