రత్తి అల్లిన సగం అంచు

ఎండాకాలం వచ్చిందంటే, నందిగామలో మా ఇంటి వెనక ఉన్న పాత ఈత గంప బీటలు వారకుండా రోజూ చెంబెడు నీళ్లు చల్లుతాను. తడిసిన ఈత బరికెల వాసన లేవగానే వత్సవాయి దగ్గర మా ఊరు, కళ్లాల నిండా ఆరబోసిన మిరపకాయల ఘాటు, వసారాలో దూలాల దాకా పోసిన పత్తి, శివరాత్రికి ఉడికే చిలగడదుంపల తీపి వాసన, అన్నీ ఒక్కసారిగా మీదపడతాయి.

గంపలల్లే ఎరుకల దేవయ్య కూతురు రత్తి నా జోడు. పత్తిలో గుంటలు చేసుకుని బొమ్మల పెళ్లిళ్లు చేసేవాళ్లం. ఆ శివరాత్రి ముందు దేవుడి గూట్లోని వెండి గంధపు గిన్నె నేనే ఎత్తుకెళ్లి, పత్తిలో ఎక్కడో పోగొట్టాను. నాయనమ్మకు కోపమొస్తే చేతికి ఏది దొరికితే దాంతోనే వడ్డించేది. నోరు మెదపలేదు.

గిన్నె పోయిందని తెలిసిన పొద్దున్నే దేవయ్య కొత్త గంపకు కొలత చూసుకుని వెళ్లాడు. ఇంకేం కావాలి! తాతయ్య కబురు పెట్టాడు, పోలీసులొచ్చారు. చుట్టుపక్కల ఏది పోయినా వాళ్లు ముందు ఎరుకల గుడిసెలకే వెళ్లేవాళ్లు. దేవయ్య తాత పేరు, తండ్రి పేరు, అతని పేరు స్టేషను పుస్తకంలో వరసగా ఉన్నాయట.

"కొలత జూసుకుని పోయానంతేనయ్యా," అన్నాడు దేవయ్య తాతయ్యతో. నా కళ్లెదుటే తీసుకెళ్లారు. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

మూడో రోజు వదిలేశారు. కుడిచేతి వేళ్లు వాచిపోయి ముడుచుకోవడం లేదు. నెల తిరక్కుండా పత్తిని బస్తాలకెత్తుతుంటే గిన్నె దొరికింది. "ఇంట్లోనే ఉందిగా, పోన్లే. ఎవరితోనూ అనమాక," అంది నాయనమ్మ నాతో.

మర్నాడు రత్తి గంప తెచ్చి అరుగు మీద పెట్టింది. అంచు సగం దాకా దేవయ్య అల్లిక, బిగువుగా ఉంది. మిగతా సగం వదులుగా, వంకరటింకరగా ఉంది.

"నాన్నకి చెయ్యి ఆడట్లా. నేనే అల్లా," అంది.

దాని మొహంలోకి చూడలేకపోయాను. ఆ వారమే గాడిదల మీద సామానేసుకుని వాళ్లు ఊరొదిలి వెళ్లిపోయారు.

ఇప్పుడా ఊళ్లో ఈత పొదలు లేవు, గంపలల్లేవాళ్లు లేరు. మిరపకాయలకు ప్లాస్టిక్ తట్టలొచ్చాయి. నేను కాలేజీలో చరిత్ర చెబుతాను. చైనా చక్రవర్తులు సరిహద్దు కొండజాతుల పేర్లను పుస్తకాలకెక్కించి వాళ్లనెలా అదుపులో పెట్టారో మొన్న చెబుతుంటే ఒకమ్మాయి లేచింది.

"వాళ్ల మీద ఫిర్యాదులు ఎవరు చేసేవాళ్లు మేడమ్?"

"ఇరుగుపొరుగువాళ్లేనమ్మా," అన్నాను.

సాయంత్రం ఇంటికొచ్చి గంప మీద నీళ్లు చల్లాను. రత్తి అల్లిన వైపే ఎక్కువ చల్లుతాను. అది ఊడిపోతే మళ్లీ అల్లడం నాకు రాదు.