లీలది వేషం కాదు
దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పోయి కొత్త ప్రభుత్వం వచ్చిన మరుసటి ఏడాది. నేను కాకినాడ నుంచి వెళ్లి అక్కడి షాకాస్‌క్రాల్ అనే ఊళ్లో లెక్కల టీచరుగా చేరాను. ఓ ఆదివారం గుడిలో నాటకం అయ్యాక, పొద్దు వాలుతుండగా ఇద్దరిని నా కారులో దింపడానికి బయల్దేరాను. ఒకరు ఇంకా రాణి వేషంలోనే ఉన్న అప్పన్న మామ. ఇంకొకరు ఆ దుస్తులు కుట్టిన లీల. మగపిల్లాడని పెంచినా, తను ఆడదాన్నేనని తెలుసుకుని అలాగే బతుకుతున్న మనిషి. అప్పటికి నా కంటికి ఇద్దరూ ఒకటే, చీర కట్టిన మగవాళ్లు.

చెరకు తోటల మధ్య, ఇక్కడ బక్కీ అనే చిన్న ట్రక్కు ఒకటి మా దారికి అడ్డంగా ఆగింది. గుడి బయట మమ్మల్ని చూసినవాళ్లే, నలుగురు దిగారు. ఒకడి చేతిలో చెరకు నరికే కత్తి.

"చీర కట్టిన మగాడెవడు?" అని ఇంగ్లీషులో అరిచాడు.

మామ విగ్గు లాగేసి నవ్వాడు. "డ్రామా, మాన్! గుడి డ్రామా. ఇంటికాడ పెళ్లాం, పిల్లలు ఉండారు."

వాళ్లూ నవ్వారు. తర్వాత కత్తి లీల వైపు తిరిగింది. "నువ్వూ తియ్యి."

లీల మెల్లగా అంది, "నాది వేషం కాదు. నేనింతే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మామ దిగి, లీల తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. "మా పిల్ల అది. నన్ను దాటి రా."

ఇంతలో వెనక నుంచి చెరకు లారీలు వచ్చి హారన్లు మోగించాయి. వాళ్లు తిట్టుకుంటూ బండి పక్కకు తీశారు.

ఊరు దగ్గరపడ్డాక లీల, "అక్కా, మా ఇంటికాడ ఆపకు. ఇల్లు తెలిసిపోద్ది," అంది. అద్దంలో చూశాను. బక్కీ దూరంగా మా వెనకే వస్తోంది.

మామను ఆయనింటి దగ్గర దింపి, లీలను మా ఇంటికే తీసుకెళ్లి తలుపులు బిగించాను. విగ్గు తీయగానే మామకు ప్రమాదం తప్పింది. లీలకు తీయడానికి ఏమీ లేదు.