ఏడు నిమిషాలు ముందున్న గడియారం

ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు లెక్కలు చెప్పాను. రుజువు చూపని మాటను తరగతిలో ఒప్పుకోలేదు, ఇంట్లోనూ ఒప్పుకోలేదు. దయ్యాల సంగతి ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయేదాన్ని. అందుకే ఇది రాయాలా వద్దా అని చాలాకాలం ఆగాను.

మహబూబ్‌నగర్‌లో నేనూ మా చెల్లెలు యాదమ్మా ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. నేను పెళ్లి చేసుకోలేదు. తనకు చిన్న వయసులోనే భర్త పోయాడు. నేను రోజూ బస్సులో ఆత్మకూర్ వైపు బడికి పోయేదాన్ని. నాకు బస్సు తప్పకూడదని యాదమ్మ గోడ గడియారాన్ని ఏడు నిమిషాలు ముందుకు పెట్టేది. అందరూ ఐదో పదో పెడతారు, ఏడెందుకే అని అడిగాను.

“ఐదైతే నువ్వు చటుక్కున తీసేస్తవక్కా. ఏడైతే జర ఆగి తీస్తవు. గాలోపల చెప్పులేసుకుంటవు” అంది.

తప్పు టైము గోడ మీద ఉండడం నాకు నచ్చేది కాదు. రిటైరయ్యాక కూడా తను మార్చనివ్వలేదు. “బస్సు లేకున్నా దవాఖాన ఉన్నది గద” అనేది. తెలంగాణ వచ్చిన నాలుగేళ్లకు యాదమ్మ పోయింది. కర్మ అయిన మర్నాడే కుర్చీ వేసుకుని గడియారం సరిచేశాను.

తర్వాత యాదమ్మ మనవరాలు నవ్య చదువు ముగించి నా దగ్గరికి వచ్చింది. కోడ్ రాసి తెర మీద బొమ్మలు కదిలించడం ఆ పిల్ల నేర్చిన పని. హైదరాబాద్‌లో ఒక కంపెనీకి చూపించడానికి గడియారం ఒకటి చేసింది. అందులో ముళ్లు లేవు, అంకెలు లేవు. గంటను బట్టి రంగు మారే పెద్ద గుండ్రం. దాని చుట్టూ నిమిషాలకు ఒక వెలుగు గీత. గంట మొదలైనప్పుడు గీత ఉండదు, గంట నిండేసరికి చుట్టు పూర్తవుతుంది. సెకన్లు జొన్నగింజల్లా పైనుంచి రాలతాయి.

దాన్ని చదవడం నేర్చుకోగానే నేను చేసిన మొదటి పని సరిచూడడం. ఏడు నిమిషాలు ముందుంది.

కంప్యూటర్ మూలన ఉండే టైము సరిగానే ఉంది. అదే కోడ్ నవ్య ఫోనులో సరిగ్గా నడిచింది. అదే కంప్యూటర్‌ను స్నేహితురాలి ఇంట్లో పెడితే అక్కడా సరిగ్గానే నడిచింది. మా ఇంటికి తెస్తే మళ్లీ ఏడు.

మీ అవ్వ గడియారం ముందుకు పెట్టేది, గుర్తుందా అని మాటల్లో అడిగాను. “పెట్టేదట గద. ఎంతనో నాకెరుక లేదు” అంది నవ్య. ఎంతో నాకు తెలుసు. అయినా చెప్పలేదు. లెక్కల టీచరు అనదగిన మాట కాదనిపించింది.

కంపెనీ వాళ్లకు ఇంటి నుంచే వీడియోలో చూపాలి. ఉద్యోగం దాని మీదే ఉంది. ఏడు తీసేసే లైను ఒకటి రాయమన్నాను.

“కారణం తెల్వకుండ జవాబు దిద్దొద్దని నువ్వే అంటవు గద పెద్దవ్వా.”

“ఈ ఒక్కసారికి దిద్దు.”

దిద్దింది. టైము సరిపోయింది. ఆ సాయంత్రమంతా సరిగ్గానే ఉంది. మర్నాడు పొద్దున చూపించే ముందు మళ్లీ సరిచూశాను. ఏడు నిమిషాలు వెనక ఉంది.

నవ్య ఆ లైను తీసేసింది. టైము సరిపోయింది. అంటే ముందుకు జరుపుతున్నదేదో అప్పటికే ఆగిపోయిందన్నమాట.

ఉద్యోగం వచ్చింది. “గట్లెందుకైందో ఇప్పటికీ సమజైతలేదు” అంటుంది నవ్య. తెలిసినవాళ్లకు కోడ్ చూపించాం, ఎవరూ చెప్పలేకపోయారు. ఏదో కారణం ఉండే ఉంటుంది. నా బాధ అది కాదు. గోడ మీద ఒకసారి నేనే సరిచేశాను, తెర మీద ఇంకోసారి సరిచేయించాను. ఆ తర్వాత ఎన్నిసార్లు చూసినా ఆ ఏడు నిమిషాలు తిరిగి రాలేదు.

గోడ గడియారాన్ని ఈమధ్య నేనే ముందుకు జరిపాను. బయటికి వెళ్లేటప్పుడు దాన్ని చూసి, ముందు చెప్పులు వేసుకుంటాను. ఏడు తర్వాత తీసేస్తాను.