ముందే చెప్పే పాట

మొన్న మా కోడలు ఫోను తెచ్చి నా చేతిలో పెట్టి, బడి గ్యాదరింగులో, అదే వార్షికోత్సవంలో, పిల్లలంతా కలిసి ఆడే పాట ఇదేనట, మన పిల్లకు పడుతుందో లేదో మీరూ ఒకసారి వినండి అత్తయ్యా అంది. మా మనవరాలికి ఏడేళ్లు. చప్పుడంటే ఒళ్లంతా ముడుచుకుపోతుంది, చెవులకు నీలం డొప్పల్లాంటివి పెట్టుకుంటే గానీ లిఫ్టు ఎక్కదు. పాట మెత్తగానే ఉంది, ఫోనులో చప్పుడు ఎంతుందో చూపే అంకె చూసి కోడలు ఫరవాలేదనే అనుకుంది. నేను కళ్లు మూసుకుని విన్నాను. నడిమధ్యలో వాయిద్యాలన్నీ ఆగి, అంతా అయిపోయిందని మనసు కుదుటపడేలోగా డోలు దభీమని పడింది. ఇది వద్దమ్మా అన్నాను. ఎందుకని అడిగింది. ఎందుకో చెప్పాలంటే యాభై ఏళ్లు వెనక్కి, బొంబాయి కామాఠిపురలో, ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం ఉండే మా చాల్ కొయ్యమెట్లెక్కి మూడో అంతస్తులోని మా గదిదాకా వెళ్లాలి.

మీలో చాల్‌లో పెరిగినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు, అక్కడ నిశ్శబ్దమనేది అద్దెకు కూడా దొరికేది కాదు. తెల్లవారకముందే పంపు దగ్గర బిందెల మోత, గదుల ముందు పొడుగాటి గ్యాలరీలో పిల్లల పరుగులు, గల్లీలో తోపుడుబళ్ల కేకలు, గాలి ఇటు తిరిగితే గ్రాంట్ రోడ్ రైళ్ల కూతలు. వాటి మధ్యనే పుట్టింది మా చెల్లెలు. ఎవరి చేతిలోంచైనా స్టీలు పళ్లెం జారితే చాలు, కెవ్వుమని అరిచి తన మణికట్టు తనే కొరుక్కునేది. ఇరుగుపొరుగు తాయెత్తు కట్టించమంటే కట్టించాం. దారం బిగుసుకుని చెయ్యి కందింది తప్ప ఇంకేమీ కాలేదు.

బతుకమ్మ పండుగ వచ్చిందంటే అమ్మకు గండమే. కింద వాకిట్లో ఆడవాళ్లంతా చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే, చాల్ మొత్తంలో మంచి గొంతున్న మా అమ్మ తలుపు బిగించుకుని, చెల్లెలి చెవులు తన అరచేతులతో మూసి, పరుపుచుట్ట పక్కన కూర్చునేది. అలా మూడేళ్లు గడిచాయి. నాలుగో ఏడు నాన్న దాదర్ నుంచి బంతిపూలు తెచ్చినప్పుడు అమ్మ వాటిని ఒళ్లో పోసుకుని, ఈసారన్నా పిల్లతో కిందికి దిగాలనుంది అని మెల్లగా అంది. ఆ మాట విని నాకు ఏడుపొచ్చింది. ఎలాగైనా ఇద్దరినీ దించాలనుకున్నాను.

నాకప్పుడు పన్నెండేళ్లు, అన్నీ తెలుసని నమ్మే వయసు. బతుకమ్మ పాటల్లో నెమ్మదైనది, జోలపాటలాంటిది ఒకటి ఏరి, చెల్లెలి చెవిలో సన్నగా పాడి చూశాను. కిమ్మనకుండా వింది. ఇంకేం, నా అంత మొనగత్తె లేదనుకుని అత్తలకూ పిన్నులకూ చెప్పి, మొదటిరోజు ఆ పాటే ఎత్తుకోమన్నాను. అమ్మ భయపడుతూనే చెల్లెల్ని చంకనేసుకుని దిగింది. పాట మెత్తగానే సాగింది. కానీ చరణం చివర అందరూ ఊపిరి పీల్చుకోవడానికి ఆగుతారని, ఆ ఆగడం ఒక్కోసారి ఒక్కోలా ఉంటుందని, ఆపైన నలభై చేతులు ఒక్కసారిగా చప్పట్లు చరుస్తాయని ఒంటరిగా పాడి చూసిన నాకేం తెలుసు. చెల్లెలు పెట్టిన కేకకు వలయమంతా ఆగిపోయింది. తన్నుకుంటున్న పిల్లను ఎత్తుకుని అమ్మ మెట్లెక్కి వెళ్లిపోయింది. ఆ రాత్రి అమ్మ నాకు అన్నం పెట్టి, చెల్లెలి వైపు తిరిగి పడుకుంది. తిట్టినా బాగుండేది.

మర్నాడు అవ్వ, అంటే మా నాన్నను కన్నతల్లి, చేటలో బియ్యం ఏరుతూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "సప్పుడు పెద్దగున్నదని గాదు బిడ్డా పిల్ల ఏడ్సేది. ఎప్పుడొస్తదో ఎర్క లేక ఏడుస్తది" అంది. అవ్వ పాలమూరు నుంచి వచ్చి బొంబాయి మేడల మీద గచ్చు కొట్టిన మనిషి. పైకప్పు మీద సున్నం, ఇటుకముక్కలు కలిపి పరిచాక, ఆడవాళ్లు వరుసగా కూర్చుని దాన్ని చెక్కలతో రోజుల తరబడి కొట్టేవారట. ఒకరి చెక్క ముందో వెనకో పడితే పక్కమనిషి వేలు నలిగేది. అందుకే పాట. గొంతు కాస్త సాగి, ఇదిగో వస్తోంది అని చెప్పాకే దెబ్బ పడాలి. ఏ పాటైనా పనికొస్తుందా లేదా అని వాళ్లు చూసేది అదొక్కటేనట. అవ్వ పది వేళ్లూ చివరిదాకా చక్కగా ఉన్నాయి.

చేట పక్కన పెట్టి, చెల్లెలి అరచేతిని తన అరచేతి మీద పెట్టుకుని, అవ్వ ఆ గచ్చు పాట అందుకుంది. రెండో చరణానికి, అవ్వ గొంతు సాగగానే, చెల్లెలే దెబ్బ వేసింది. ఆ తర్వాత వారమంతా అదే పని.

పండుగ చివరిరోజు, సద్దుల బతుకమ్మనాడు, అవ్వ ఆ పాటే పాడాలంది. గచ్చు పాట గౌరమ్మకా అని మా మేనత్త మూతి విరిచింది. అవ్వ ఊరుకునే మనిషా? "గౌరమ్మ గుడి మీద గచ్చు నీ అత్త కొట్టిందానే?" అంది కన్నకూతురనైనా చూడకుండా. అందరూ నవ్వారు, పాట ఎత్తుకున్నారు. చప్పట్లు మొదటిరోజు కంటే గట్టిగానే మోగాయి. చెల్లెలు అమ్మ కొంగు నడుముకు చుట్టుకుని, తానూ చప్పట్లు కొడుతూ మూడు చుట్లు తిరిగింది. నాలుగేళ్లకు విన్న అమ్మ గొంతు అందరి గొంతులనూ దాటి వినిపించింది. ఆ సాయంత్రం అమ్మ ముఖం తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు నిండిపోతుంది.

నేను మాత్రం ఆ పాట మాటలు నేర్చుకోలేదు. మొదట నేనేరిన పాట ఓడిందన్న ఉక్రోషం, ఆ తర్వాత చెల్లెలికి వచ్చుగదా అన్న ధీమా. చెల్లెలు పెద్దదై ధారావిలో కుట్టుపని చేసింది. మిషను తొక్కే ముందు ప్రతిసారీ ఆ పాట సన్నగా అందుకునేది, చప్పుడు వస్తోందని తన చెవులకు తనే చెప్పుకుంటున్నట్టు. ఎన్నిసార్లు పక్కనే కూర్చుని విన్నాను, ఒక్క చరణమైనా అడిగి రాయించుకోలేదు. మూడేళ్ల కిందట వానాకాలంలో తను పోయింది.

ఇదంతా విని కోడలు టీచరమ్మతో మాట్లాడతానంది. నేను మనవరాలి చేతిని నా అరచేతి మీద పెట్టుకుని, కూనిరాగంతో ఆ దెబ్బ వేసి చూపించాను. కాసేపటికి పిల్ల ఒక చెవి మీది డొప్ప పక్కకు జరిపింది. "ఆజీ, పున్హా" అంది, అవ్వా, మళ్లీ పాడు అని మరాఠీలో. మా పిల్లకు తెలుగు రాదు, కాబట్టి ఆ పాట మాటలు నాకు రావని దానికి తెలియదు. ఇప్పుడు మా అంతస్తులో నాలుగు తలుపులు, నాలుగూ మూసే ఉంటాయి. ఆనాటి గ్యాలరీలో అయితే ఎవరో ఒకరు బట్టలారేస్తూనే మిగతా చరణం అందించేవారు. నేను మళ్లీ మొదలుపెట్టాను. చరణం చివర, చెల్లెలి గొంతు సాగే చోట, పిల్ల రాబోయే దెబ్బకు చెయ్యెత్తి నా ముఖంలోకి చూస్తూ ఆగింది.